ప్రజాస్వామ్యంలో అంతర్యుద్ధం ముప్పు, దాన్ని ఆపే దారులు: కర్నూలు నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

ఎలక్షన్లు అయిపోయిన ప్రతిసారీ మన కర్నూల్లో టీకొట్ల కాడ, ఫ్యామిలీ గ్రూపుల్లో "ఇంక ఈ దేశం కొట్టుకోని చస్తాది" అనే మాట వినపడతానే ఉంటాది. కొందరు కోపంలో అంటారు, కొందరు నిజంగానే భయపడి అడుగుతారు, ముఖ్యంగా గ్రూప్స్‌కి ప్రిపేరయ్యే పిల్లలు. వాళ్ళు అడిగినవన్నీ ఒకచోట పెట్టి జవాబులు రాసినా. ఇందులో పార్టీల పంచాయితీ లేదు, ఏ పార్టీవాళ్ళైనా చదవొచ్చు.

అంతర్యుద్ధం అంటే ఏంది? రెండు వర్గాలు కొట్టుకుంటే అది కూడా అంతర్యుద్ధమేనా?

కాదు. ఒకే దేశంలో జనం పక్షాలుగా చీలి, ఒక నాయకత్వం కింద ఆయుధాలు పట్టుకోని, అధికారం కోసమో వేరే దేశం కోసమో చానా కాలం కొట్లాడితే దాన్ని అంతర్యుద్ధం అంటారు, అందులో ఒక పక్షం మామూలుగా ప్రభుత్వమే అయి ఉంటాది. లెక్క కోసం పరిశోధకులు ఒక గీత గీసుకున్నారు, స్వీడన్‌లో ఉప్సలా యూనివర్సిటీ వాళ్ళైతే ఏడాదిలో పోరాటంలో 25 మంది చనిపోతే సాయుధ ఘర్షణ అని, 1000 మంది దాటితే యుద్ధం అని రాసుకుంటారు. ఒక పూట జరిగిన అల్లరి, ఒక ఊర్లో జరిగిన హత్య దాని కిందికి రావు. ఐతే మనం చూడాల్సింది ఆ అంకె కాదు, ఆ మొదటి 25 చావులకి ముందు పదేళ్ళో ఇరవై ఏళ్ళో ఏం జరిగిందనేది.

ఓట్లు ఉన్నాయి, కోర్టులు ఉన్నాయి, ఇంక యుద్ధం ఎందుకొస్తాది?

ఓట్లు ఉన్న చోట కూడా వచ్చింది. అమెరికాలో 1860 నవంబర్‌లో లింకన్ గెలిచినాడు, ఆయనకి వచ్చినవి దగ్గర దగ్గర 40 శాతం ఓట్లే, దక్షిణాదిలో చానా రాష్ట్రాల్లో ఆయనకి బ్యాలెట్లే లేవు. బానిసత్వం మీద బతికే దక్షిణాది దొరలు "ఈయన వచ్చినాడంటే మన ఆస్తి, మన అధికారం అయిపోయినట్లే" అనుకున్నారు, ఆయన 1861 మార్చిలో ప్రమాణం చేసే లోపే 7 రాష్ట్రాలు విడిపోతున్నామని ప్రకటించేసినాయి, ఏప్రిల్‌లో ఫోర్ట్ సమ్టర్ అనే కోట మీద ఫిరంగులు పేలి యుద్ధం మొదలైంది. నాలుగేళ్ళలో 6 లక్షల మందికి పైగా చనిపోయినారు. స్పెయిన్‌లో 1936 ఫిబ్రవరి ఎలక్షన్లో వామపక్షాల కూటమి గెలిచింది, జులైలో సైన్యంలో కొందరు జనరల్స్ తిరుగుబాటు చేసినారు, మూడేళ్ళు యుద్ధం, ఆ తర్వాత ఆ జనరల్స్‌లో ఒకడైన ఫ్రాంకో 1975లో చనిపోయేదాకా నియంతృత్వం.

ఈ రెండిట్లో ఓడిపోయినోళ్ళ మనసులో ఒకటే మాట ఉంది: ఈసారి పోయిందంటే మళ్ళీ ఎప్పటికీ రాదు. దక్షిణాది దొరలు కాపాడుకోవాలనుకున్నది మనుషుల్ని అమ్మి కొనే వ్యవస్థ, దాంట్లో న్యాయం ఏమీ లేదు, కానీ అన్యాయమైన భయం కూడా తుపాకీ పట్టిస్తాది అనేది గుర్తుపెట్టుకోవాల. నేను ఈ పేజీ అంతా చెప్పేది ఈ ఒక్క సంగతే. ఓడినోడు తన ఊర్లో తన ఇంట్లో పడుకోగలిగి, తన చేను తాను చేసుకోగలిగి, ఐదేళ్ళకి మళ్ళీ నిలబడగలిగితే అంతర్యుద్ధం రాదు. అవి పోతాయనే భయం వస్తే రాజ్యాంగం ఎంత మంచిదైనా ఆపలేదు.

ఇంకో మాట, పూర్తి ప్రజాస్వామ్యంలో ఈ ముప్పు తక్కువ, పూర్తి నియంతృత్వంలో కూడా తక్కువే (అక్కడ లేచినోడిని లేచినట్లే అణిచేస్తారు కాబట్టి). మధ్యలో ఉండే దేశాలకే ఎక్కువ, అంటే ఎలక్షన్లు జరుగుతాయి కానీ పోలీసు, కోర్టు, కౌంటింగు అన్నీ ఒకరి చేతిలోనే ఉంటాయే, అట్లాంటివి. నియంతృత్వం నుంచి తొందర తొందరగా బయటికొచ్చే దేశాలైనా, ప్రజాస్వామ్యం నుంచి మెల్లగా జారిపోయే దేశాలైనా ఆ మధ్య దారిలో నడవాల్సిందే.

మతాలు, కులాలు, భాషలు ఎక్కువ ఉన్న దేశానికే ముప్పు ఎక్కువ కదా?

అందరూ ఇదే అనుకుంటారు. సోమాలియాని చూడండి, ఒకటే మతం, దాదాపు అందరిదీ ఒకటే భాష, 1991లో దేశమే కుప్పకూలిపోయింది. యుద్ధాలు వచ్చిన దేశాలన్నీ పక్కపక్కన పెట్టి లెక్కలేసినోళ్ళు చెప్పేది ఏమంటే జనంలో రకాలు ఎక్కువ ఉండడం వల్ల కాదు, పేదరికం, చేతకాని ప్రభుత్వం, పనిలేని కుర్రోళ్ళు ఎక్కువ ఉండడం, ఒక వర్గాన్ని అధికారంలోకి అసలు రానీకుండా తలుపు మూసేయడం, ఇవి ముఖ్యమని.

మన దగ్గర దేవుని కడపలో ఉగాది నాడు ముస్లింలు వెంకటేశ్వరస్వామి గుడికి వస్తారు, బీబీ నాంచారమ్మ మా ఆడబిడ్డ అని. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్ళాయిస్వామి పీర్ల పండగకి వచ్చేవాళ్ళలో హిందువులే ఎక్కువ. ఇట్లాంటివి చూసి మురిసిపోయి ఊరుకుంటే చాలదు, పండగ ఏడాదికి ఒకసారే. రోజూ ఒకే మార్కెట్ యార్డులో సరుకు అమ్ముకునేవాళ్ళు, ఒకే యూనియన్లో ఉండే ఆటోవాళ్ళు, ఒకే స్కూలు కమిటీలో కూర్చునే తల్లిదండ్రులు రెండు మతాల వాళ్ళూ ఉన్న ఊర్లో పుకారు వస్తే ముందు ఫోన్ చేసుకోని కనుక్కుంటారు. అట్లాంటి పరిచయం లేని ఊర్లో కనుక్కునేదానికి నంబరే ఉండదు.

శ్రీలంక మన పక్కనే ఉండే ప్రజాస్వామ్యం కదా, అక్కడ ఎట్ల మొదలైంది?

ఇది కొంచెం వివరంగా చెప్పాల, ఎందుకంటే అడుగడుగునా ఆపే అవకాశం ఉండి ఆపలేదు.

1948లో స్వాతంత్య్రం వచ్చినప్పుడు అక్కడ గొడవలు పెద్దగా లేవు, అందరికీ ఓటు హక్కు మనకంటే ముందు 1931లోనే వచ్చింది. 1956 ఎలక్షన్లో బండారనాయకే అనే నాయకుడు, ఎక్కువమంది మాట్లాడే సింహళమే ఏకైక అధికార భాష అని చెప్పి గెలిచినాడు, గెలిచినాక ఆ చట్టం చేసినాడు. గవర్నమెంటు ఉద్యోగం మీద బతికే తమిళులకి ఒక్క దెబ్బతో దారి మూసుకుపోయింది. ఆయనకే తప్పు అర్థమైనట్లుంది, 1957లో తమిళ నాయకుడు చెల్వనాయకంతో ఒప్పందం చేసుకున్నాడు, తమిళ ప్రాంతాలకి కొన్ని అధికారాలు ఇస్తానని. అవతలి పార్టీవాళ్ళు, భిక్షువులు గొడవ చేస్తే 1958లో దాన్ని పక్కన పడేసినాడు. ఆ ఏడాదే అల్లర్లు. 1959లో ఆయన్ని చంపింది ఎవరో తమిళుడు కాదు, ఒక బౌద్ధ భిక్షువు.

తర్వాత 1970ల మొదట్లో యూనివర్సిటీ సీట్లకి తమిళ పిల్లలు ఎక్కువ మార్కులు తెచ్చుకోవాలని రూలు పెట్టినారు. సీటు రాని పిల్లోడు ఇంట్లో ఖాళీగా కూర్చుంటే వానికి ఎవరు ఏం చెప్తే అది ఎక్కుతాది, తుపాకీ పట్టిన మొదటి తరం అక్కడి నుంచే వచ్చింది. 1977లో తమిళ పార్టీ టీయూఎల్ఎఫ్ పార్లమెంటులో ప్రధాన ప్రతిపక్షమైంది, అంటే అప్పటికి కూడా తమిళులు ఓటునే నమ్ముకోని ఉన్నారు. 1981లో తమిళుల ఊరు జాఫ్నాలో లైబ్రరీని తగలబెట్టినారు, వేల వేల పుస్తకాలు, తాళపత్రాలు బూడిదైనాయి. 1982లో పార్లమెంటు ఎలక్షన్లు పెట్టకుండా రెఫరెండంతో గడువు పొడిగించుకున్నారు. 1983 జులై 23న, తమిళులకి వేరే దేశం కావాలని తుపాకీ పట్టిన ఎల్టీటీఈ వాళ్ళు 13 మంది సైనికుల్ని చంపినారు, దాని తర్వాత కొలంబోలో గుంపులు ఓటర్ల లిస్టులు పట్టుకోని తమిళుల ఇళ్ళు ఏవో చూసుకోని మరీ తగలబెట్టినారు. ఓటర్ల లిస్టు పట్టుకోని! ఇది చదివిన ప్రతిసారీ నాకు కడుపులో దేవినట్లు ఉంటాది. ఆ తర్వాత ప్రభుత్వం ఏం చేసిందంటే ఆరో రాజ్యాంగ సవరణ తెచ్చి "వేరు దేశం అడగము" అని ఎంపీలూ గవర్నమెంటు పదవుల్లో ఉండేవాళ్ళూ ప్రమాణం చేయాలనింది, చేయము అన్న టీయూఎల్ఎఫ్ ఎంపీల సీట్లు పోయినాయి. మాట్లాడేవాళ్ళు పార్లమెంటు నుంచి బయటికి, తుపాకీవాళ్ళు మాత్రం అడవిలో అట్లే. 2009 మే దాకా 26 ఏళ్ళు యుద్ధం.

మన దేశంలో కూడా భాషల గొడవలు అయినాయి కదా, అట్ల ఎందుకు కాలేదు?

దీనికి జవాబు సగం మన కర్నూల్లోనే ఉంది. పొట్టి శ్రీరాములు గారు 1952 అక్టోబర్ 19న మద్రాసులో నిరాహారదీక్ష మొదలుపెట్టి డిసెంబర్ 15 రాత్రి ప్రాణం విడిచినారు. ఊర్లకి ఊర్లు భగ్గుమన్నాయి, రైళ్ళు ఆపేసినారు, పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయినారు. నెహ్రూకి భాషా రాష్ట్రాలంటే ఇష్టం లేదు, దేశం ముక్కలైతాదని ఆయన భయం. ఐనా డిసెంబర్ 19న పార్లమెంటులో ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ప్రకటించినారు. 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా, ప్రకాశం పంతులు గారు ముఖ్యమంత్రిగా రాష్ట్రం వచ్చింది, ఆఫీసులు చాలక గుడారాలు వేసి నడిపినారు. ఆ తర్వాత మూడేళ్ళకి, 1956లో, దేశమంతా భాషల లెక్కన రాష్ట్రాలు మారినాయి. సరిగ్గా అదే 1956లో శ్రీలంక ఒకే భాష చట్టం చేసింది. ఒకేలాంటి కోరికకి రెండు దేశాలు రెండు జవాబులు ఇచ్చినాయి.

తమిళనాడు చూడండి, డీఎంకే వేరే దేశం కావాలని అడిగిన పార్టీ. 1963లో 16వ రాజ్యాంగ సవరణతో అట్ల అడిగితే ఎలక్షన్లో నిలబడే దానికి లేదన్నారు, ఆ పార్టీ ఆ కోరిక వదిలేసింది. మన సవరణ, శ్రీలంక ఆరో సవరణ, పైకి చూస్తే రెండూ ఒకటే మాదిరి ఉంటాయి. తేడా ఏందంటే ఇక్కడ వదిలేసుకున్నోడికి ఎదురుగా నిజమైన కుర్చీ ఉంది, 1967లో డీఎంకే గెలిచి రాష్ట్రాన్ని ఏలింది, ఇంగ్లీషు కొనసాగుతాదని అదే ఏడాది చట్టంలో రాసిచ్చినారు. అక్కడ ఇళ్ళు కాలిపోయిన వెంటనే ప్రమాణం చేయమన్నారు, చేస్తే దక్కేది ఏమీ లేదు.

ఇంక మన సీమ సంగతి. 1937 నవంబర్ 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇంట్లో శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నారు. కోస్తావాళ్ళతో కలిస్తే మనల్ని మింగేస్తారని మన పెద్దోళ్ళకి భయం, ఆ భయం పోగొట్టేదానికి రాజధానో హైకోర్టో సీమకి, అనంతపురంలో యూనివర్సిటీ కేంద్రం, నీళ్ళల్లో ముందు సీమకి అని మాటిచ్చినారు. రాజధాని వచ్చి మూడేళ్ళకి హైదరాబాదు పోయింది, హైకోర్టు 1954లోనే గుంటూరులో పెట్టినారు, నీళ్ళ సంగతి ఈ పొద్దుకీ గొడవే. నేను ఈ ఊరోణ్ణి, నాకు ఈ విషయంలో బాధ ఉంది, దాచుకునేది లేదు. ఐనా సీమలో ఎవరూ తుపాకీ పట్టలేదే? ఎందుకంటే తలుపు మూసుకోలేదు. ఈ ప్రాంతం నుంచి నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రి, రాష్ట్రపతి ఐనారు, మన కర్నూలు జిల్లా పెద్దపాడు నుంచి దామోదరం సంజీవయ్య 1960లో దేశంలోనే మొదటి దళిత ముఖ్యమంత్రి ఐనారు. ఏ పార్టీ వచ్చినా సీమ ఓటు కావాల్సిందే, కాబట్టి మీటింగులు, ధర్నాలు, కోర్టు కేసులు, పాదయాత్రలు చేస్తే ఏదో ఒక రోజు పనైతాదనే నమ్మకం మిగిలింది. ఆ నమ్మకం ఉండాదని మాట తప్పేది అలవాటు చేసుకోవద్దు అనేదే పాలించేవాళ్ళకి నేను చెప్పేది. బండారనాయకే చించేసింది కూడా ఒక కాగితమే.

సీమ ఫ్యాక్షన్‌ని అంతర్యుద్ధం అనొచ్చా?

అనకూడదు. ఫ్యాక్షన్లో ఎవరూ ప్రభుత్వాన్ని కూలగొట్టాలనుకోరు, ప్రభుత్వం తమ వైపు ఉండాలనుకుంటారు, కాంట్రాక్టులు, స్టేషను, సొసైటీ, ఊరి పెత్తనం అన్నీ. కానీ అంతర్యుద్ధం ఎట్ల నడుస్తాదో చిన్న సైజులో చూడాలంటే మనకంటే బాగా చూసినోళ్ళు లేరు.

చీనీ (బత్తాయి) చెట్లు నరికేది తీసుకోండి. చీనీ మొక్క నాటితే కాపుకి రావడానికి నాలుగైదేళ్ళు, అన్నేళ్ళూ అప్పు చేసి బోరేసి, నీళ్ళు చాలకపోతే ట్యాంకరు తోలి, డ్రిప్ పైపులకి ఎలకలు కొరక్కుండా చూసుకోని, పిల్లోళ్ళ మాదిరి సాకుతారు. కౌంటింగ్ అయిన రాత్రో ఆ వారంలోనో పొద్దున లేచి చేనికి పోతే మొదళ్ళ కాడికి నరికేసి ఉంటాయి, వరసలకి వరసలు, ఆకు ఇంకా పచ్చగానే ఉంటాది, పిందెలు నేల మీద. మనిషికి దెబ్బ తగల్లేదు కాబట్టి కేసు చిన్నది. కానీ ఆ రైతుకి అర్థమైన సంగతి ఏందంటే నువ్వు ఓడినావు కాబట్టి ఈ ఐదేళ్ళు నీకు ఊర్లో బతుకు లేదు. వాడు ఊరన్నా వదలాల, లేదంటే వచ్చేసారి ఎట్లైనా గెలవాల, ఎట్లైనా అంటే బూతు ఆక్రమించైనా, బాంబులు చుట్టైనా. అవతలోడు కూడా వీడు గెలిస్తే నా చెట్లు నరుకుతాడు అనుకోని ముందే సిద్ధమైతాడు. ఇద్దరూ ఆత్మరక్షణ కోసమే అంటారు, ఇద్దరూ నిజమే చెప్తాండారు. దేశాల్లో యుద్ధాలు కూడా ఇట్లే ముదురుతాయి.

అది తగ్గింది కూడా మన కళ్ళ ముందరే. ఒక్క కారణం కాదు: పిల్లలు చదువుకోని బెంగళూరు, హైదరాబాదు పోయినారు, కడప వైపు నుంచి కువైట్ పోయినారు, ఓటింగ్ మిషన్లు, కేంద్ర బలగాలు, వెబ్ కెమెరాలు వచ్చినాక బూతు ఆక్రమించేది కష్టమైంది, కోర్టుల చుట్టూ తిరిగి ఆస్తులు కరిగిపోయినాక పెద్ద కుటుంబాలే అలిసిపోయినాయి, ఆడోళ్ళు మా కొడుకులన్నా మిగలనీ అన్నారు. పూర్తిగా పోలేదు, 2024 మే 13 పోలింగ్ తర్వాత తాడిపత్రిలో రాళ్ళదాడులు జరిగితే ఎలక్షన్ కమిషన్ అనంతపురం ఎస్పీనే సస్పెండ్ చేయాల్సి వచ్చింది.

ముందుగా కనపడే గుర్తులు ఏంది?

నేనైతే ఐదారు చూస్తా. ఎలక్షన్ జరగకముందే "మేము ఓడితే అది మోసమే" అని నాయకుడే చెప్పడం. పార్టీలు కార్యక్రమాలు వదిలేసి ఒక కులమో మతమో ఒకటే పార్టీగా మారిపోవడం, అప్పుడు ఇంక ఓటు ఎటుపోతాదో పుట్టుకతోనే తేలిపోతాది, ఓడినోళ్ళు ఎప్పుడూ ఓడినట్లే. ఎదుటోళ్ళని మనుషులుగా కాకుండా పురుగులుగా మాట్లాడ్డం, రువాండాలో 1994 మారణహోమానికి ముందు ఆర్‌టీఎల్ఎం రేడియో టుట్సీ వర్గం వాళ్ళని బొద్దింకలు అనింది. పోలీసులు ఒక పక్షం కంప్లైంటు రాసుకోని ఇంకో పక్షాన్ని బయటికి పంపడం. ప్రైవేటు సైన్యాలు. ఎలక్షన్లు వాయిదా వేయడం.

వీటన్నిట్లో నాకు చానా భయమేసేది పోలీసుదే. స్టేషన్లో న్యాయం జరుగుతాదనే నమ్మకం ఉన్నోడు ఇంట్లో ఆయుధం పెట్టుకోడు.

రిజల్ట్ ఒప్పుకోకపోతే ఏమైతాది?

కెన్యా రెండుసార్లు చూపించింది. 2007 డిసెంబర్ 27న ఎలక్షన్, కౌంటింగ్ మీద అనుమానాలు ఉండంగానే 30వ తేదీ సాయంత్రం హడావుడిగా ప్రెసిడెంటు ప్రమాణం చేసేసినాడు, ప్రతిపక్షం కోర్టుకి పోము, ఆ కోర్టు మీద మాకు నమ్మకం లేదు అనింది. రెండు నెలల్లో 1000 మందికి పైగా చనిపోయి, లక్షల మంది ఇళ్ళు వదిలినారు. ఐక్యరాజ్యసమితి మాజీ ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ వచ్చి కూర్చోబెట్టి 2008 ఫిబ్రవరి 28న అధికారం పంచుకునే ఒప్పందం చేయించినాడు. 2010లో కొత్త రాజ్యాంగం రాసుకోని కోర్టుల్ని బాగుచేసుకున్నారు. 2017లో సుప్రీంకోర్టు గెలిచిన ప్రెసిడెంటు ఎన్నికనే కొట్టేసింది. 2022లో ఓడినాయన కోర్టుకే పోయినాడు, తీర్పు నచ్చలేదన్నాడు కానీ తలవంచినాడు.

కోస్టారికాలో 1948లో ఇదే రిజల్ట్ గొడవ మీద 44 రోజులు యుద్ధం జరిగింది. గెలిచినోళ్ళు ఆ తర్వాత సైన్యాన్నే రద్దు చేసినారు, ఎలక్షన్లు నడిపేదానికి ప్రభుత్వం చెయ్యి పెట్టలేని ఒక ట్రిబ్యునల్ పెట్టినారు. మన దగ్గర 324వ ఆర్టికల్ కింద ఎలక్షన్ కమిషన్ ఉండేది అందుకే, దాని మీద నమ్మకం తగ్గించే పని ఏ ప్రభుత్వం చేసినా అది ఆ పార్టీకి లాభం కావొచ్చు, దేశానికి చానా ఖరీదు. 1975 జూన్ 12న అలహాబాద్ హైకోర్టు ఇందిరాగాంధీ ఎన్నిక చెల్లదనింది, ఆమె ఎమర్జెన్సీ పెట్టింది, ఐనా 1977లో ఎలక్షన్ పెట్టి, ఓడిపోయి, దిగిపోయింది, 1980లో మళ్ళీ గెలిచింది. దిగితే మళ్ళీ ఎక్కొచ్చు అనేది అందరూ కళ్ళారా చూసినారు.

ఆర్మీని దింపితే అయిపోదా?

ఒక రాత్రికి ఆగుతాది. ఉత్తర ఐర్లండ్‌లో 1969లో బ్రిటిష్ సైన్యం దిగినప్పుడు, అక్కడ తక్కువ మంది ఉండే క్యాథలిక్కుల వీధుల్లో ఆడోళ్ళు టీ ఇచ్చినారు, మమ్మల్ని కాపాడేదానికి వచ్చినారని. 1972 జనవరి 30న డెర్రీలో ఊరేగింపు మీద అదే సైన్యం కాల్పులు జరిపి అక్కడికక్కడే 13 మందిని చంపినాక, బ్రిటన్ మీద ఆయుధం పట్టిన ఐఆర్ఏలో చేరే కుర్రోళ్ళు క్యూ కట్టినారు. అసలు గొడవ మొదలైంది ఇళ్ళ కేటాయింపు, ఉద్యోగాలు, వార్డుల హద్దులు తమకి కావాల్సినట్లు గీసుకోవడం, ఇట్లాంటి మున్సిపాలిటీ సంగతుల మీద. అప్పుడే సరిచేసి ఉంటే 3500 మంది బతికేవాళ్ళు.

మొదలైపోయినాక ఆపలేమా?

ఆపొచ్చు, ఖరీదు ఎక్కువ. మిజోరంలో 1966 మార్చిలో, వేరే దేశం కావాలన్న ఎంఎన్ఎఫ్ అనే సంస్థ తిరుగుబాటు చేస్తే మన విమానాలే ఐజ్వాల్ మీద బాంబులేసినాయి. 20 ఏళ్ళ తర్వాత 1986 జూన్ 30న ఒప్పందం కుదిరింది, తిరుగుబాటు నాయకుడు లాల్‌డెంగా ముఖ్యమంత్రి అయినాడు, 1987లో రాష్ట్రం వచ్చింది, తర్వాత ఎలక్షన్లో ఓడిపోయి మామూలు రాజకీయ నాయకుని మాదిరే ప్రతిపక్షంలో కూర్చున్నాడు. నేపాల్‌లో పదేళ్ళ యుద్ధం 2006లో ముగిసింది, మావోయిస్టులు ఆయుధాలు కంటైనర్లలో పెట్టి తాళం వేసి ఎలక్షన్లో నిలబడినారు. ఉత్తర ఐర్లండ్‌లో 1998 ఏప్రిల్ 10 ఒప్పందంతో రెండు వర్గాలూ కలిసి తప్ప ఎవరూ ఒంటరిగా ఏలలేని పద్ధతి పెట్టినారు, పోలీసు శాఖ పేరే మార్చి సగం సగం రిక్రూట్ చేసినారు. మూడు చోట్లా తుపాకీ దించినోడికి ఏదో ఒక నిజమైన చోటు దొరికింది.

బయటి దేశాల చెయ్యి ఉంటాదా?

చానాసార్లు ఉంటాది, కానీ లోపల పగులు లేకపోతే బయటోడు ఏం చేయలేడు. శ్రీలంక తమిళ గ్రూపులకి 1980ల్లో మన దేశమే శిక్షణ ఇచ్చింది, 1987లో శాంతిసేనని పంపి వాళ్ళతోనే కొట్లాడింది, 1991 మే 21న శ్రీపెరంబుదూరులో రాజీవ్‌గాంధీని పోగొట్టుకుంది.

మణిపూర్ సంగతి ఏంది మరి?

2023 మే 3 నుంచి మెయితీలు, కుకీ-జో వాళ్ళ మధ్య జరిగింది చూస్తే ఈ పేజీలో రాసినవన్నీ మన దేశంలోనే జరగొచ్చు అని తెలుస్తాది. పోలీసు ఆయుధాగారాల నుంచి వేల తుపాకులు దోచుకుపోయినారు, ఒక వర్గం పోలీసు ఇంకో వర్గం ఏరియాకి పోలేని పరిస్థితి వచ్చింది, 200 మందికి పైగా చనిపోయినారు, వేల కుటుంబాలు క్యాంపుల్లో పడినాయి. 2025 ఫిబ్రవరిలో రాష్ట్రపతి పాలన పెట్టినారు. అది దూరమని మనం పట్టించుకోకపోవడమే నాకు బాధ.

వాట్సాప్ వల్ల ముప్పు పెరిగిందా?

2018 మేలో పార్థీ గ్యాంగ్ దిగిందని మన ఊర్లల్లో రాత్రులు కర్రలు పట్టుకోని కాపలా కాసింది మర్చిపోయినారా? దారి తప్పిన అమాయకుల్ని కొట్టినారు. ఆ ఏడాది దేశంలో చానా చోట్ల పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళని అనుకోని మనుషుల్ని చంపినాక వాట్సాప్ ఒకసారి ఐదు చాట్లకే ఫార్వర్డ్ అని హద్దు పెట్టింది. ఒట్టి దొంగల పుకారుకే అట్లైతే, కులం పేరో మతం పేరో తగిలించిన పుకారు ఏం చేస్తాదో ఆలోచించండి. గ్రూప్ అడ్మిన్లు దయచేసి అట్లాంటివి రాగానే తీసేయండి, పంపినోడు మీ బావమరిది ఐనా సరే.

మామూలు మనిషిగా నేను ఏం చేయగలను?

చానా ఉంది. పోలింగ్ ఏజెంటుగా కూర్చోండి, చదువుకున్నోళ్ళు ఈ పని చిన్నతనంగా చూస్తారు, అది తప్పు. పొద్దున్నే ఓటింగ్ మొదలు కాకముందు ఏజెంట్ల ముందర కనీసం 50 ఓట్లతో మాక్ పోల్ చేస్తారు, మిషన్ లెక్క, చీటీల లెక్క సరిపోయిందో మీ కళ్ళతో చూడొచ్చు. సాయంత్రం మొత్తం ఎన్ని ఓట్లు పడినాయో రాసిన 17సీ ఫారం కాపీ తీసుకోకుండా బయటికి రావద్దు, కౌంటింగ్ రోజు ఆ అంకె సరిపోతే మీ పార్టీ ఓడినా మీరే మీవాళ్ళకి "కౌంటింగ్ సరిగానే జరిగింది" అని చెప్పగలరు. ఆ మాట మనోడి నోట్లో నుంచి వస్తేనే నమ్ముతారు.

ఊర్లో గొడవ అయ్యేటట్లుందని అనిపిస్తే ముందుగానే తహసీల్దారుకి, స్టేషనుకి రాసివ్వండి, బైండోవర్ చేసేదానికి (అంటే "గొడవ చేయము" అని ముందే పూచీకత్తు రాయించుకునేదానికి) చట్టంలో దారి ఉంది, ఇప్పుడు అది బీఎన్ఎస్ఎస్ 126వ సెక్షన్. ఎలక్షన్ టైంలో ఎలక్షన్ కమిషన్ వాళ్ళ సీవిజిల్ యాప్‌లో ఫోటోనో వీడియోనో పెడితే 100 నిమిషాల్లో చర్య తీసుకోవాలని పెట్టినారు, 1950 నంబరు కూడా ఉంది. గెలిస్తే ఓడినోళ్ళ ఇంటి ముందర టపాకాయలు కాల్చొద్దు, డీజే ఆ వీధిలోకి తీసుకుపోవద్దు. ఏటికాయేడు ఎన్ని తలలు అక్కడే పగుల్తాయో స్టేషన్లో అడగండి.

పంచాయతీ ఎలక్షన్ ఏకగ్రీవం చేసుకుంటే గొడవే ఉండదు కదా?

అందరూ మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే మంచిదే. కానీ నామినేషన్ వేయనీకుండా బెదిరించి చేసిన ఏకగ్రీవం శాంతి కాదు, తలుపు మూసేయడం. పోటీ జరిగి, ఓడి, ఇద్దరూ మరుసటి రోజు ఒకే బస్సెక్కి కర్నూలుకి వచ్చే ఊరే నా దృష్టిలో మంచి ఊరు.

ఓటేయడానికి పోతే నా ఓటు ఎవరో వేసేసినారంటున్నారు, గొడవ పడాల్నా, ఇంటికి పోవాల్నా?

రెండూ వద్దు. ప్రిసైడింగ్ ఆఫీసర్ని టెండర్డ్ ఓటు అడగండి, మీరే అసలు మనిషని తేలితే మీకు బ్యాలెట్ పేపర్ ఇస్తారు, దాన్ని విడిగా కవర్లో పెడతారు. ఎవరో మీ కళ్ళ ముందరే వేరేవాళ్ళ ఓటు వేస్తాంటే మీ ఏజెంటు 2 రూపాయలు కట్టి ఛాలెంజ్ చేయొచ్చు, అప్పుడు ఆఫీసరు అక్కడే విచారించాల. ఎమ్మెల్యే, ఎంపీ ఎలక్షన్లో రిజల్టే తప్పనిపిస్తే అభ్యర్థి గానీ ఆ నియోజకవర్గం ఓటరు గానీ రిజల్ట్ వచ్చిన 45 రోజుల లోపల హైకోర్టులో ఎలక్షన్ పిటిషన్ వేయొచ్చు, 17సీ కాపీలు అప్పుడే పనికొస్తాయి. 46వ రోజు పోతే తీసుకోరు, కాబట్టి రిజల్ట్ వచ్చిన వారంలోనే వకీలుని కలవండి.